ఆన్‌లైను వేలానికి వెలుపలి దండోరా

ఉర్దూలో వేలానికి 'నీలాం' అని పేరు. ఈ మాట పోర్చుగీసు భాష నుండి మన దేశానికి వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు. తెలుగు నిఘంటువు కోసం జీవితాన్ని ధారపోసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర ఇంకొక అడుగు వెనుకకు పోయి, ఆ పోర్చుగీసు పదానికి మూలము అరబ్బీలోని 'ఇలాం' అని తన వ్రాతప్రతులలో గుర్తు పెట్టుకున్నాడు. ఆ పదానికి ఎరుకపరచుట, చాటింపు అని అర్థం. మాట పుట్టుకను గురించి పండితులు ఏమని తేల్చినను, విషయమంతయు ఆ అర్థంలోనే ఇమిడి ఉన్నది. నలుగురికీ తెలియకుండా జరిగే వేలము పేరుకు మాత్రమే వేలము.

మన పెద్దలకు ఈ సంగతి బాగుగా తెలుసును. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో, జప్తు చేసిన స్థిరాస్తిని గురించి టముకు కొట్టి గాని, ఆ ప్రాంతపు ఆచారమును బట్టి మరొక విధముగా గాని చాటవలెనని నియమము కలదు. టముకు వాడు వేలము జరిగే చోట నిలబడి టముకు కొట్టడు. ఊరి వీధులన్నీ తిరుగుతాడు. వేలం గురించి తెలియని వాడికి తెలియజేయడమే అతని పని. నేడు కంప్యూటరు మీద, చేతిలోని ఫోను మీద సాగుతున్న వేలంపాటలకు కూడా ఇటువంటి టముకు అవసరమైనది. దానిని వెలుపలి వెబ్‌సైట్లు కొడుతున్నాయి. కొట్టిన వారికి కూలి ఇచ్చే పద్ధతికే అఫిలియేటు మార్కెటింగు అని పేరు. దీనిని గురించి మన విద్యార్థులలో ఆశలు ఎక్కువగాను, అవగాహన తక్కువగాను ఉన్నట్లు తోచుచున్నందున, ఇది ఎట్లు పనిచేయునో, ఎక్కడ చెడునో కొంత వివరముగా చెప్పుకొందము.

ఆన్‌లైను వేలము అనగానే మొదట చెప్పుకొనవలసిన పేరు ఈబే. 1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పియర్ ఒమిడియార్ అనే యువ ఇంజనీరు 'ఆక్షన్ వెబ్' అనే పేరుతో దీనిని ఆరంభించాడు. 1997లో దానికి ఈబే అని పేరు మార్చారు. తొలినాళ్లలో అక్కడ అమ్ముడైన వస్తువులలో ఒక చెడిపోయిన లేజరు పాయింటరు ఉన్నది. అది 14 డాలర్ల 83 సెంట్లకు పోయినది. కొన్న వ్యక్తి చెడిపోయిన లేజరు పాయింటర్లను సేకరించేవాడట! ఎంత పనికిమాలిన వస్తువుకైనను ఎక్కడో ఒక కొనుగోలుదారు ఉంటాడని నిరూపించుటకు ఈ కథను తరచుగా చెబుతారు. కాని వేలపు లెక్క తెలిసినవారు ఇక్కడ మరొక ప్రశ్న అడుగుతారు. ఒక్కడే ఉంటే ధర అంతవరకు ఎట్లు పెరిగినది? అతనితో పోటీపడిన రెండవ వాడు కూడా ఉండి ఉండవలెను గదా!

ఆ రెండవ వాడే మన విషయానికి కీలకం. ఈబే వేలంలో పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తమును ముందుగానే వ్రాసి పెట్టవచ్చును. ఆ మొత్తమును యంత్రము రహస్యముగా ఉంచుకొని, పోటీదారుడు పాడినప్పుడల్లా అతని తరఫున ఒక మెట్టు పైకి పాడుతుంది. కాబట్టి గెలిచినవాడు సాధారణముగా తన గరిష్ఠ మొత్తమును చెల్లించడు. ఓడిన వారిలో పైవాడు ఎంతవరకు వచ్చాడో దానికి ఒక మెట్టు ఎక్కువ చెల్లిస్తాడు. అనగా ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, రెండవ స్థానంలో నిలిచినవాడు. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం విక్రీ 1961లోనే ఇటువంటి వేలమును గురించి శాస్త్రీయముగా వ్రాశాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

ఇక్కడ చిన్న గణితము చేసి చూడవచ్చును. ఒక వస్తువుకు ఒక్కొక్క పాటదారు ఇవ్వదలచిన గరిష్ఠ ధర 0 నుండి 100 రూపాయల మధ్య ఎక్కడైనను సమాన సంభావ్యతతో ఉండగలదని అనుకొందము. ఒకరి నిర్ణయానికి మరొకరి నిర్ణయముతో సంబంధము లేదనుకొందము. అప్పుడు ఇద్దరు పాటదారులు ఉంటే సగటున పలికే ధర 33 రూపాయలు. ముగ్గురు ఉంటే 50. నలుగురైతే 60. పదిమంది ఉంటే సుమారు 82. పదకొండవ వాడు వచ్చినందువలన పెరిగేది రూపాయిన్నర మాత్రమే. మూడవ వాడు వచ్చినందువలన పెరిగినది దాదాపు 17 రూపాయలు. గణితశాస్త్ర విద్యార్థులు దీనిని కాగితము మీద స్వయముగా సాధించి చూచుకొనవచ్చును. n మంది ఉన్నప్పుడు సగటు ధర 100ను (n-1)తో గుణించి (n+1)తో భాగించగా వచ్చును.

కొందరు అమ్మకందారులు ఇందుకు వేరొక ఉపాయము చెబుతారు. పాటదారులు తక్కువైతే ఏమి? 50 రూపాయలకు తక్కువైతే అమ్మనని పట్టుబడితే సరిపోదా? పై లెక్కలో ఇద్దరు పాటదారులతో ఆ విధముగా పట్టుబడితే సగటున చేతికి వచ్చేది 41 రూపాయల 67 పైసలు. అందులోను నాలుగింట ఒక పర్యాయము వస్తువు అమ్ముడుపోదు. ఏ పట్టుదలయు లేకుండా మూడవ పాటదారుని తెచ్చుకొన్న అమ్మకందారునికి 50 రూపాయలు వస్తాయి. జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిన వ్యాసంలో దీనినే సాధారణ సిద్ధాంతముగా నిరూపించారు. అమ్మేవాడి బేరసారాల నేర్పుకన్న అదనముగా వచ్చిన ఒక్క పాటదారుడే ఎక్కువ విలువైనవాడని వారి ఫలితము.

మన రైతులకు ఈ సిద్ధాంతము చదువకుండానే తెలుసును. మార్కెటు యార్డులో కొనేవారు నలుగురే ఉండి, ఆ నలుగురు ఒకరికొకరు కనుసైగ చేసుకొంటే పంట గతి ఏమగునో అనుభవించినవారే వారు. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ఆరంభమైన ఈ-నామ్ అనే జాతీయ వ్యవసాయ విపణి వెనుక ఉన్న ఊహ ఇదే. నిజామాబాదు పసుపు మార్కెటు తొలి విడతలోనే ఇందులో చేరినది. యార్డుకు రాని వ్యాపారి కూడా పాట పాడగలిగితే ధర పెరుగునని ఆశ. ఆచరణలో దూరపు వ్యాపారి సరుకు నాణ్యతను నమ్మవలెను, రవాణా చూచుకొనవలెను. కాబట్టి యంత్రము పెట్టినంత మాత్రాన పాటదారుడు వచ్చి వాలడు. అతనిని రప్పించుట వేరే పని.

ఆ వేరే పనిని ఒక ఉదాహరణతో చూతము. నిజాము రాజ్యము 1869లో తన తపాలా బిళ్లలను మొదటిసారి వెలువరించినది. 1931లో వచ్చిన బిళ్లలలో అణా బిళ్ల మీద చార్మినారు, రెండణాల బిళ్ల మీద హైకోర్టు, నాలుగణాల బిళ్ల మీద ఉస్మాన్‌సాగర్ చెరువు ఉన్నాయి. 1937 రజతోత్సవ బిళ్లలలో ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయము కనిపిస్తాయి. ప్రభుత్వ కార్యాలయాలకై కేటాయించిన బిళ్లల మీద ఉర్దూ లిపిలో 'సర్కారీ' అని అదనపు ముద్ర ఉంటుంది. ఇటువంటి బిళ్లలను ఇంగ్లండులోనో, జర్మనీలోనో ఎవరైనా ఈబేలో వేలానికి పెట్టారనుకొందము. అమ్మేవానికి ఆ ముద్ర ఏమిటో తెలియదు. 'భారతదేశపు పాత బిళ్ల' అని ఒక ముక్క వ్రాసి పెడతాడు. లక్షల వస్తువుల మధ్య అది మునిగిపోతుంది. ఏడు రోజులలో గడువు తీరుతుంది. దానిని వెదకుచున్న సేకర్త అసలు చూడనే చూడడు. ఇద్దరే పాడుతారు, మన లెక్కలోని 33 రూపాయలకే పోతుంది.

ఇప్పుడు ఉర్దూ, తెలుగు రెండును చదువగలిగిన ఒక విద్యార్థి హైదరాబాదు బిళ్లలను గురించి ఒక వెబ్‌సైటు నిర్వహించుచున్నాడనుకొందము. ఏ బిళ్ల ఏ సంవత్సరానిదో, కాగితములోని నీటిగుర్తు ఎట్లుండునో, 'సర్కారీ' ముద్రలో అసలుకు నకిలీకి భేదము ఎక్కడ కనిపించునో అందులో బొమ్మలతో వివరించాడు. అటువంటి సమాచారము కోసము ప్రపంచంలో వెదికేవారు వేలమంది ఉండరు. రెండు మూడు వందల మంది ఉండవచ్చును. కాని వారిలో ప్రతి ఒక్కరు నిజమైన పాటదారుడు కాగలవాడు. వ్యాసము ప్రక్కన, ప్రస్తుతము వేలంలో ఉన్న హైదరాబాదు బిళ్లల లింకు పెడితే మూడవ వాడు, నాలుగవ వాడు అటునుండి వస్తారు. ధర ఎక్కువగా పెరిగేది సరిగ్గా అక్కడనే అని పై లెక్క చెప్పుచున్నది. పదిమంది ఇదివరకే పాడుచున్న సెల్‌ఫోను వేలానికి ఎంత ప్రచారము చేసినను రూపాయిన్నర పని మాత్రమే జరుగుతుంది. వెలుపలి ప్రచారము అరుదైన వస్తువుకు చేసే మేలు సాధారణ వస్తువుకు చేయదు. ఈ వ్యాపారములో దిగిన వారిలో చాలమంది దీనిని విస్మరించి, అందరు అమ్మే వస్తువులనే తామును చాటుతారు.

ఇందులో ఒక సాంకేతిక చిక్కు ఉన్నది. వ్యాసము సంవత్సరాలు నిలుస్తుంది. వేలము వారము రోజులలో ముగుస్తుంది. ఫలానా వస్తువుకు నేరుగా లింకు పెడితే ఎనిమిదవ నాడు అది గడువు తీరిన పుటకు దారితీస్తుంది. వచ్చినవాడు విసుగుచెంది మరల రాడు. అందుచేత అనుభవజ్ఞులు ఒక వస్తువుకు గాక, ఒక వెదుకులాటకు లింకు పెడతారు. 'హైదరాబాదు, సర్కారీ' అని వెదికితే ఆనాటికి ఉన్న వస్తువులన్నియు కనిపించును. గడువు తీరినవి తమంత తామే తొలగును.

ఇక కూలి సంగతి. పుస్తకాలమ్మే అమెజాన్ సంస్థ 1996 జూలైలో ఒక పథకము ప్రవేశపెట్టినది. ఎవరైనా తమ వెబ్‌సైటు నుండి కొనుగోలుదారుని పంపితే, అతడు కొన్నదానిలో కొంత కమీషను ఇస్తామన్నది. అంతకు ముందే 1994లో సంగీతపు రికార్డులమ్మే ఒక అమెరికన్ సంస్థ ఇటువంటి ఏర్పాటు చేసినది గాని, ప్రపంచమంతటా వ్యాపించినది అమెజాన్ నమూనాయే. ఈబే కూడ దీనిని అనుసరించి, 2008లో తన సొంత అఫిలియేటు వ్యవస్థను నెలకొల్పినది. పత్రికా ప్రకటనకు వస్తువు అమ్ముడైనను కాకున్నను డబ్బు చెల్లించవలెను. ఇక్కడ అమ్మకము జరిగితేనే చెల్లింపు. ఈబేలో ప్రచారకుని కమీషను అమ్మకందారుని నుండి ప్రత్యేకముగా వసూలు చేయరు. అమ్మకము మీద తనకు వచ్చే రుసుములో నుండి సంస్థయే ఇచ్చేది.

మన బస్సు స్టాండులలో ఆటో నడిపేవారు ప్రయాణికుని ఒక లాడ్జికి తీసుకొని పోతే లాడ్జి యజమాని ఎంతో కొంత ముట్టజెప్పుట అందరు ఎరిగినదే. అఫిలియేటు పద్ధతి సరిగ్గా అదే. అయితే లాడ్జి యజమాని ఆటోవానిని కంటితో చూస్తాడు. వెబ్‌సైటు ప్రచారకుని ఎవరు చూస్తారు? అందుకొరకు 'కుకీ' అనే చిన్న చీటీని కల్పించారు. ప్రచారకుని లింకు నొక్కినప్పుడు కొనుగోలుదారుని యంత్రంలో ఆ ప్రచారకుని సంఖ్య గల చీటీ చేరుతుంది. కొనుగోలు జరిగిన సమయంలో సంస్థ ఆ చీటీని చదివి కమీషను ఎవరిదో నిర్ణయిస్తుంది. చీటీకి గడువు ఉంటుంది. వేలంలో మరొక మెలిక కూడా ఉన్నది: పాట పాడిన నాడే కొనుగోలు పూర్తికాదు. కాబట్టి ఈబే నియమములో, లింకు నొక్కిన 24 గంటలలోపల పాట పాడి, 10 రోజులలోపల గెలిచితే కమీషను అని రెండు గడువులు పెట్టారు.

వ్యవస్థ అంతా ఆ చీటీ మీద ఆధారపడి ఉన్నది. అది నమ్మదగినదేనా? ఈబే చరిత్రలోనే ఇందుకు చేదు సమాధానము దొరుకుతుంది. ఒకప్పుడు ఈబేకు ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న ప్రచారకుడు, రెండవ స్థానంలో ఉన్న ప్రచారకుడు ఇద్దరును కాలిఫోర్నియా వారే. తాము ఒక్క కొనుగోలుదారుని కూడ లింకు నొక్కించకుండానే, తమ పుటలను చూచిన ప్రతివారి యంత్రంలోను వారికి తెలియకుండా చీటీ జొప్పించినారన్నది వారిమీద అభియోగము. ఆ చూచినవారు తరువాత తమంత తాము ఈబేకు వెళ్లి ఏదైనా కొంటే కమీషను వీరికి చేరేది. లాడ్జి ఉపమానములో చెప్పవలెనంటే, ఆటోవాడు ఎవరినీ ఎక్కించుకోకుండా, ఊరిలో పోయే ప్రతివాని జేబులోను తన చీటీ వేసి కూర్చున్నాడన్నమాట. 2008లో ఈబే వారిమీద దావా వేసినది. 2010లో నేరారోపణ జరిగినది. నేరము ఒప్పుకొన్న మీదట 2014లో ఒకరికి 5 నెలలు, మరొకరికి 15 నెలలు కారాగార శిక్ష పడినది. 

మోసము లేనప్పుడు కూడా లెక్క తప్పవచ్చుననుటకు అదే సంస్థ చేయించిన పరీక్ష మరింత ఆలోచింపజేసేది. ఎవరైనా వెదుకులాట యంత్రంలో 'ఈబే' అని వ్రాసినప్పుడు ఫలితాల పైభాగాన కనిపించేటట్లు సంస్థ డబ్బు చెల్లించి ప్రకటన వేయించేది. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు ఆ ప్రకటనలను కొంతకాలము నిలిపివేసి చూచారు. నిలిపినందువలన పోయినవారు దాదాపు ఎవరును లేరు. నూటికి 99.5 వంతుల రాకపోకలు డబ్బు అక్కరలేని సాధారణ ఫలితాల ద్వారానే వచ్చినవి. 2015లో ఈ ఫలితములు ఎకనొమెట్రికా పత్రికలో ప్రకటితమైనాయి. ఈబే అని వ్రాసినవాడు ఈబేకే వెళ్లదలచినవాడు గదా. లాడ్జి పేరు చేతిలో పట్టుకొని దిగిన ప్రయాణికుని తీసుకొనిపోయి కమీషను అడిగినట్లున్నది! ఈబే గురించి ఎన్నడును వినని వారిని, చాలకాలముగా కొననివారిని రప్పించుటలో మాత్రము ప్రకటన పనిచేసినదని అదే పరీక్షలో తేలినది. తీసుకొనివచ్చినది నేనే అనుట, నేను లేకుంటే అతడు వచ్చేవాడు కాదనుట ఒకటి కాదు. కుకీ మొదటిదానిని మాత్రమే లెక్కపెట్టగలదు. హైదరాబాదు బిళ్లల వెబ్‌సైటు విలువ రెండవదానిలో ఉన్నది.

పాటదారులు పెరిగితే ధర పెరుగునన్న సత్యమును వక్రమార్గమున వాడుకొన్నవారు కూడా కలరు. తన వస్తువుకు తానే మారుపేర్లతో పాడుట, లేదా మిత్రులచే పాడించుట పాత వేలాలలోను ఉన్నదే. 2000 సంవత్సరంలో ఈబేలో ఒక చిత్రపటము, ప్రసిద్ధ అమెరికన్ చిత్రకారుడు డీబెన్‌కార్న్ వేసినదేమో అనే భ్రమ కలిగించగా, 1,35,805 డాలర్ల వరకు పోయినది. అమ్మకందారుడు, అతని మిత్రులు మారుపేర్లతో పాటలు పెంచినట్లు బయటపడి అమ్మకము రద్దయినది. తరువాత వారిమీద నేర విచారణ జరిగినది. కాబట్టి మిత్రుని వేలానికి ప్రచారము చేయుట తప్పు కాదు గాని, కొనే ఉద్దేశము లేకుండా ఆ వేలంలో పాట పాడుట మాత్రము మోసమే. తన లింకు ద్వారా తానే కొని కమీషను పొందుట కూడా ఈ పథకాలలో నిషిద్ధము.

ప్రచారకుడు తనకు కమీషను వస్తుందన్న సంగతి దాచరాదు. అమెరికా ప్రభుత్వము 2009లో ఈ మేరకు మార్గదర్శకాలను సవరించినది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇటువంటి సూచనలనే వెలువరించినది. వ్యాసము అడుగున కనిపించీ కనిపించని అక్షరాలలో వ్రాయుట చాలదు. పాఠకుడు చదివే భాషలో, చదివే చోట చెప్పవలెను. పుట తెలుగులో ఉంటే ఆ ప్రకటనయు తెలుగులో ఉండుట న్యాయము.

విద్యార్థులు ముఖ్యముగా గమనించవలసినది మరొకటి. అఫిలియేటు పథకములో చేరుటకు అమెజాన్ గాని, ఈబే గాని ప్రవేశ రుసుము తీసుకొనవు. 'మా అఫిలియేటు పథకములో చేరుటకు ఇంత కట్టండి, మరి ఇద్దరిని చేర్పిస్తే మీ సొమ్ము తిరిగి వస్తుంది' అని ఎవరైనా కళాశాల ద్వారము వద్దకు వస్తే, పేరు మాత్రమే అఫిలియేటు, పని గొలుసుకట్టు. అక్కడ అమ్ముడయ్యే వస్తువు లేదు. కొత్తగా చేరేవారి డబ్బే పాతవారి ఆదాయము. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టము ఇటువంటి వాటిని నేరముగా పరిగణించుచున్నది. చేర్పించినవాడు కూడ ఆ నేరంలో భాగస్వామి కాగలడు. ఫీజు కొరకు ఇంటినుండి తెచ్చిన డబ్బు ఇందులో పోగొట్టుకొన్న విద్యార్థి, దానిని రాబట్టుకొనుటకు స్నేహితులను చేర్పించబోయి మరింత చిక్కులలో పడతాడు.

మన దేశంలో ఆన్‌లైను వేలపు కథ చిన్నది. 2000లో ఆరంభమైన బాజీ డాట్ కామ్ సంస్థను 2004లో ఈబే కొన్నది. 2017లో ఈబే ఇండియా వ్యాపారము ఫ్లిప్‌కార్టు చేతికి వెళ్లినది. 2018 ఆగస్టులో ఆ వెబ్‌సైటు మూతపడినది. ఇప్పుడు మన దేశపు అమ్మకందారులు ఈబేను ప్రధానముగా విదేశీ కొనుగోలుదారులకు అమ్ముటకే వాడుచున్నారు. అందువలన హైదరాబాదు వస్తువులను విదేశాలకు చాటదలచినవారు ఒక చట్టము తెలుసుకొని ఉండవలెను. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము 100 సంవత్సరాలు దాటిన నాణెములు, శిల్పములు, చిత్రములు మొదలైనవి పురావస్తువులే. విలువగల వ్రాతప్రతులకైతే 75 సంవత్సరాలే గడువు. వీటిని ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థయో తప్ప ఇతరులు దేశము దాటించరాదు. తాతగారి పెట్టెలో దొరికిన నిజాము హాలీ సిక్కా మీది ఫారసీ అక్షరాలను చదివి, దాని సంవత్సరమును లెక్కకట్టి చూడవలెను. ఆ అక్షరాలు హిజ్రీ సంవత్సరమును తెలుపుతాయి. హిజ్రీ 1345కు సమానము క్రీస్తుశకము 1926-27. 100 సంవత్సరాలు దాటిన నాణెమైతే దానిని విదేశీ వేలానికి పెట్టుటకు వీలులేదు.